డబ్బు కట్టడానికి తండ్రిని, బిడ్డను చూడటానికి కానా?

"అక్కా, మాది మక్తల్ పక్కన ఊరు. నాకు 36 ఏళ్లు. సొంత డీసీఎం నడుపుతాను. డీజిలు, ఫైనాన్స్ కిస్తీ పోను నెలకు 22 వేలు మిగులుతాయి. నా భార్య తల్లిగారిల్లు రాయచూరు. పద్నాలుగు నెలల కింద బిడ్డను తీసుకొని అక్కడికి పోయింది, మళ్లీ రాలేదు. బిడ్డకు ఏడేళ్లు. ఇక్కడ ఒకటో తరగతి చదివింది, ఇప్పుడు అక్కడి బడిలో రెండో తరగతి. రాయచూరు కోర్టులో నా మీద భరణం కేసు వేశారు. ఒకసారి పోయాను. తర్వాత రెండు వాయిదాలకు లోడు మీద ఉండి పోలేకపోయాను. నాకు 60 వేల ఆదాయం ఉందని వాళ్లు చెప్పారంట. బిడ్డకు 7 వేలు, ఆమెకు 5 వేలు, మొత్తం 12 వేలు కేసు తేలేదాకా నెలనెలా కట్టమని ఆర్డరు వచ్చింది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు, 14 వేలు జీతం అని తెలిసింది. అయినా ఆరు నెలలు కట్టాను. బిడ్డ పుట్టినరోజుకు గౌను కొనుక్కొని పోతే గేటు కూడా తీయలేదు. లోపల బిడ్డ గొంతు వినబడింది. ఆ రోజు నుంచి డబ్బు ఆపేశాను, మూడు నెలలైంది. గౌను బీరువాలో అట్లనే ఉంది. బడి దగ్గర నుంచి బిడ్డను బండిలో ఎక్కించుకొని వచ్చెయ్, అది వేరే రాష్ట్రం, వాళ్లు ఏం చేయలేరు అని దోస్తులు అంటున్నారు. కేసు మన దగ్గరే వెయ్, వాళ్లే తిరుగుతారు అని ఒక పెద్దమనిషి అంటాడు. అమెరికాలో ఉండే మా పెదనాన్న కొడుకు, ఆరు నెలలు దాటితే పిల్ల ఉన్న రాష్ట్రానిదే అధికారం అంటాడు. డబ్బు కట్టడానికైతే నేను తండ్రిని, బిడ్డను చూడటానికి కానా? ఏం చేయాలో చెప్పండి."

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాలమూరులో కుటుంబ కేసులు చూసే వకీలుగా ఇట్లాంటి మాట నేను చాలామంది తండ్రుల నోట విన్నాను. గేటు బయట నిలబడి లోపలున్న బిడ్డ గొంతు వినడం ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. నీకు జరిగింది అన్యాయమే. బిడ్డను చూసే హక్కు నీకు ఉంది. అంతకన్నా ముందు, నాన్నను చూసే హక్కు ఆ బిడ్డకు ఉంది. అయితే నువ్వు మూడు నెలలుగా చేస్తున్న పని ఆ హక్కును నీకు దగ్గర చేయడం లేదు, దూరం చేస్తున్నది.

అందుకే మొదట డబ్బు సంగతి చెబుతాను. నీకు నచ్చకపోవచ్చు.

భరణం వేరు, బిడ్డను చూడటం వేరు. చట్టం ఈ రెండింటినీ కలిపి ముడి వేయలేదు. వాళ్లు బిడ్డను చూపించలేదు కాబట్టి డబ్బు ఆపాను అని జడ్జి ముందు చెప్పావనుకో, ఆయన నిన్ను అడిగేది ఒక్కటే: ఈ మూడు నెలలు బిడ్డ ఏం తిన్నది? దానికి నీ దగ్గర జవాబు ఉండదు. అట్లనే, నువ్వు డబ్బు కట్టలేదు కాబట్టి బిడ్డను చూపించం అనే హక్కు వాళ్లకూ లేదు. నువ్వు తప్పులో లేనప్పుడే ఆ రెండో మాట గట్టిగా అడగగలవు.

కృష్ణా నది దాటితే, అంటే రాష్ట్రం మారితే కోర్టు ఏం చేయలేదన్న ధీమా కూడా పెట్టుకోకు. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ కేసుల విచారణకు ఉన్న పాత చట్టం సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 125వ సెక్షన్ ఇప్పుడు 144. దాని కింద వచ్చిన భరణం ఆర్డరును, కట్టాల్సిన మనిషి ఎక్కడుంటే అక్కడి మెజిస్ట్రేటు అమలు చేయవచ్చు. అంటే రాయచూరు ఆర్డరు మీద మన నారాయణపేట జిల్లాలోనే నీకు వారెంటు రావచ్చు. కట్టని ఒక్కో నెలకు ఒక నెల దాకా జైలు వేయవచ్చు. జైల్లో కూర్చున్నా బాకీ తీరదని సుప్రీంకోర్టు ఎప్పుడో 1989లోనే చెప్పింది. శిక్ష అనుభవించి బయటికి వచ్చాక కూడా ఆ 36 వేలు నీ నెత్తిన అట్లనే ఉంటాయి. ఇంకో సంగతి. ఆర్డరు నకలు తీసుకొని, భరణం ఏ తేదీ నుంచి కట్టమన్నారో చూడు. కేసు వేసిన రోజు నుంచి లెక్కగట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి నువ్వు అనుకుంటున్న దానికంటే బాకీ ఎక్కువే ఉండొచ్చు.

36 వేలు ఒక్కసారి నీ చేతిలో లేకపోతే ముందు బిడ్డ భాగం కట్టు. నెలకు 7 వేల చొప్పున మూడు నెలలకు 21 వేలు. మిగతాది వాయిదాల్లో కడతానని కోర్టుకు రాసివ్వు. డబ్బు ఆర్డరులో రాసిన ఖాతాకే పంపు. ఏ నెల భరణమో ఫోన్‌లో పంపేటప్పుడే రాయి. బావమరిది చేతికి నగదు ఇవ్వడం, పెద్దమనిషి దగ్గర పెట్టడం వద్దు. అట్లా ఇచ్చిన లక్షల రూపాయలు కోర్టులో లెక్కకు రాక మళ్లీ కట్టినవాళ్లను నేను చూశాను. బడి ఫీజు నువ్వే నేరుగా కట్టినా అంతే, కోర్టు ముందే ఒప్పుకుంటే తప్ప అది భరణంలో తగ్గదు.

ఇప్పుడు 12 వేలు న్యాయమా అన్న ప్రశ్న. నువ్వు చెప్పిన లెక్కే నిజమైతే 22 వేలల్లో 12 వేలు చాలా బరువు. కానీ ఆ అంకె ఎట్లా వచ్చిందో చూడు. వాళ్లు 60 వేలు అన్నారు. కాదని చెప్పడానికి ఆ రోజు నువ్వు కోర్టులో లేవు. సొంత డీసీఎం ఉన్నవాడికి ఆ మాత్రం రాదా అని ఎవరైనా అనుకుంటారు. బండి మీద ఎంత అప్పు ఉందో, టైరు మారిస్తే ఎంత అవుతుందో, అన్‌సీజన్‌లో ఎన్ని రోజులు బండి చెట్టు కింద నిలబడుతుందో చెప్పాల్సింది నువ్వే.

రజనేష్, నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నీకు ఆసరా. భరణం కేసుల్లో భార్యాభర్తలు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో రాసి కోర్టుకు ఇవ్వాలని అది దేశం మొత్తానికి చెప్పింది. నువ్వు ఇవ్వలేదు. ఆమె ఇచ్చిందా, అందులో 14 వేల జీతం చూపించిందా అన్నది నీ వకీలు కోర్టు ఫైలులో చూడాలి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రే భరించాలి, తల్లికి కూడా సరిపడా సంపాదన ఉంటే ఇద్దరూ ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్లు పంచుకోవచ్చు. కాబట్టి ఆమె జీతం సంగతి అడగడం తప్పు కాదు. కానీ ఆమెకు జీతం ఉంది కాబట్టి నేను ఏమీ కట్టను అంటే ఏ కోర్టూ వినదు. 14 వేలల్లో ఆమె తన ఖర్చులు చూసుకుంటూ బిడ్డకు రోజూ బువ్వ పెడుతున్నది, జ్వరం వస్తే సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటున్నది. ఆ కష్టానికి కూడా విలువ ఉంది తమ్ముడూ.

నీ ప్రమాణపత్రంతో పాటు బ్యాంకు స్టేట్‌మెంటు, ఫైనాన్స్ వాళ్ల కిస్తీ వివరం, ఇన్సూరెన్సు, ట్యాక్సు, పర్మిట్ కాగితాలు, ఫాస్టాగ్ ఖాతా వివరాలు పెట్టు. బండి నెలలో ఎన్ని రోజులు రోడ్డు మీద ఉందో ఫాస్టాగ్ చూపిస్తుంది. కిరాయిలు నగదులో తీసుకొని ఎక్కడా రాయకపోతే ఈ రోజు నుంచే ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టు. ఆదాయం దాచకు. ఒక్క అబద్ధం బయటపడితే నీ మిగతా నిజాలన్నీ కొట్టుకుపోతాయి. ఇవన్నీ పెట్టి, అదే రాయచూరు కోర్టులో మొత్తం తగ్గించమని 146వ సెక్షన్ కింద అడుగు. కేసు తేలేదాకా కట్టమన్న మధ్యంతర భరణాన్ని కూడా దాని కింద మార్చవచ్చు. అయితే ఆ సెక్షన్ పరిస్థితులు మారాయని చూపించమంటుంది. ఆమె ఉద్యోగంలో ఎప్పుడు చేరింది, ఆర్డరుకు ముందా తర్వాతా అన్నది అందుకే ముఖ్యం. ఇంత ఆదాయానికి ఇంత భరణం అనే పట్టిక మన చట్టంలో లేదు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భార్యకు భర్త చేతికొచ్చే జీతంలో 25 శాతం సమంజసం అన్నది. దాన్ని పట్టుకొని చాలామంది అదే చట్టం అనుకుంటున్నారు. అది ఆ కేసుకు చెప్పిన కొలత.

మీ పెదనాన్న కొడుకు చెప్పింది అమెరికా సంగతి. అక్కడ కుటుంబ చట్టాలు రాష్ట్రానికి ఒక రకంగా ఉంటాయి. అందుకే పిల్ల కనీసం ఆరు నెలలుగా ఉంటున్న రాష్ట్రానిదే కస్టడీ మీద మొదటి అధికారం అని ఉమ్మడి నియమం పెట్టుకున్నారు. ఏ రాష్ట్రం భరణం లెక్క దానికే ఉంటుంది. మనకు ఆ గందరగోళం లేదు. కృష్ణకు ఇవతల ఉన్న చట్టమే అవతలా ఉంది. భరణానికి, కస్టడీకి, విడాకులకు అన్నీ కేంద్ర చట్టాలే. 1956 దాకా రాయచూరు, పాలమూరు రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. ఈ రోజుకూ పిల్లను ఇచ్చి పుచ్చుకోవడం ఆగలేదు, నీ పెళ్లే దానికి సాక్ష్యం. వంతెన దాటితే మారేవి కోర్టు, భాష, దూరం. నీ ఇబ్బంది అంతా ఆ మూడింటితోనే, వాటికి దారులు ఉన్నాయి.

కేసు ఎక్కడ వేయాలి? బిడ్డ కోసం వేసే కేసు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేస్తారు. ఆ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, పిల్ల మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడి కోర్టుకే అధికారం. ఆరు నెలలు, ఏడాది అని లెక్క లేదు, నిజంగా ఆ పిల్ల బతుకు ఎక్కడ సాగుతున్నదో చూస్తారు. నీ బిడ్డ పద్నాలుగు నెలలుగా రాయచూరులో ఉంది, అక్కడే బడికి పోతున్నది. ఇక్కడ వేస్తే ఈ కోర్టుకు అధికారం లేదని వాళ్లు అభ్యంతరం పెడతారు, దాని మీదే ఏడాది పోతుంది.

మీ పెద్దమనిషి చెప్పినదానికి ఒక దారి ఉంది. మీది హిందూ వివాహం అనుకొని చెబుతున్నాను. హిందూ వివాహ చట్టం కింద కేసు అయితే మీరిద్దరూ చివరగా కలిసి ఉన్న చోట, అంటే మన దగ్గర వేయవచ్చు. అందులో 26వ సెక్షన్ కింద బిడ్డ గురించి కూడా అడగవచ్చు. కానీ ఆమె కేసును రాయచూరుకు మార్చమని సుప్రీంకోర్టుకు పోతుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు మార్చే అధికారం ఏ హైకోర్టుకూ లేదు, సుప్రీంకోర్టుకే ఉంది. ఇట్లాంటి కేసుల్లో అది ఎక్కువగా భార్య సౌకర్యాన్నే చూస్తుంది. ఢిల్లీలో నీకు వకీలు ఖర్చు, ఇక్కడ కేసు ఆగిపోవడం. చివరికి నువ్వు రాయచూరుకే పోతావు, రెండేళ్లు ఆలస్యంగా. వాళ్లను తిప్పాలన్న కోపంతో వేసే కేసులో ముందు అరిగేది మన చెప్పులే. పైగా నువ్వు విడాకులు అడగలేదు, బిడ్డను అడిగావు.

అందుకే నా మాట: రాయచూరులోనే వెయ్. భరణం కేసు ఎట్లాగూ అక్కడే ఉంది. రెండు వాయిదాలూ వీలైతే ఒకే రోజు పెట్టమని కోర్టును అడగవచ్చు. 2023లో కృష్ణా స్టేషన్ దాకా కొత్త రైలు మార్గం మొదలైంది కాబట్టి మక్తల్ నుంచి రాయచూరు ఇప్పుడు మునుపటంత దూరం కాదు. దూరం లోడు మీద ఉన్న రోజు వీడియో ద్వారా హాజరవుతానని ముందే దరఖాస్తు పెట్టు, ఒప్పుకోవడం జడ్జి ఇష్టం. చెప్పకుండా మానేయడం మాత్రం ఇంకెప్పుడూ చేయకు. ఈ 12 వేల ఆర్డరు అట్లనే వచ్చింది.

కోర్టు కాగితాలు కన్నడలో ఉంటే అర్థం కాకుండా సంతకం పెట్టకు. రాయచూరులో తెలుగు వచ్చిన వకీళ్లు చాలామంది ఉన్నారు, అక్కడి మనిషినే పెట్టుకో. ఇక్కడి నుంచి వకీలును కారులో తీసుకుపోతే ప్రతి వాయిదాకు ఆయన దారి ఖర్చు నీదే. ఫీజు భారం అనిపిస్తే 15100కు ఫోన్ చెయ్, అది న్యాయ సేవల సంస్థ నంబరు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది.

ఇక దోస్తుల సలహా. బిడ్డను బండిలో ఎక్కించుకొని రావడం.

ఆ పని చేయకు. దాని మీద కిడ్నాప్ కేసు నిలబడుతుందా లేదా అన్న వాదనలోకి నేను పోను. బిడ్డను కోర్టు ముందుకు తెప్పించమని ఆమె హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే పోలీసులు నీ ఇంటికి వచ్చి బిడ్డను తీసుకుపోవచ్చు. ఆ తర్వాత నువ్వు ఎప్పుడు బిడ్డను చూస్తానన్నా, ఈయన ఎత్తుకుపోయిన మనిషి అన్న మాట ముందు వస్తుంది. అది కోర్టు సంగతి. బిడ్డ సంగతి ఆలోచించు. బడి గంట కొట్టాక అమ్మ కోసం చూస్తున్న పిల్లను, నెలల తరబడి కనబడని నాన్న చెయ్యి పట్టి గుంజి బండి ఎక్కిస్తే, నది దాటేదాకా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంటుంది. నువ్వు ప్రేమతోనే చేసి ఉంటావు. ఆ పిల్లకు గుర్తుండేది మాత్రం ఆ ఏడుపే.

అడగాల్సింది ఏమిటంటే, ముందుగా బిడ్డతో మాట్లాడే, కలిసే హక్కు. కస్టడీ కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, కానీ ఈ లోపల బిడ్డను చూపించమని మధ్యంతర దరఖాస్తు అదే కేసులో వేయవచ్చు. చట్టం ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. నీ బిడ్డ అది దాటింది. అయినా ఇప్పుడే కస్టడీ మొత్తం నాకే కావాలని మొండికేయకు. నువ్వు వారంలో నాలుగు రోజులు రోడ్డు మీద ఉంటావు. ఆ రోజుల్లో బిడ్డను ఎవరు చూస్తారు అని జడ్జి అడుగుతారు. బిడ్డ మేలు ఏది అన్నదే అన్నిటికంటే పెద్ద సూత్రం, తండ్రి హక్కు, తల్లి హక్కు దాని తర్వాతే.

2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది నీ వకీలుకు చూపించు. తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాల్లో, వేర్వేరు దేశాల్లో ఉన్నప్పుడు బిడ్డను కలిసే హక్కుతో పాటు బిడ్డతో మాట్లాడే హక్కు కూడా ముఖ్యమని, బిడ్డ తమ దగ్గర లేని తల్లి గాని తండ్రి గాని రోజూ అయిదు పది నిమిషాలైనా మాట్లాడగలగాలని ఆ తీర్పు అన్నది. అమ్మ ప్రేమ, నాన్న ప్రేమ రెండూ పొందే హక్కు బిడ్డకు ఉందన్నది. నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అదే.

దరఖాస్తులో 'బిడ్డను చూపించాలి' అని ఊరికే రాయించకు. అట్లా రాస్తే అట్లాంటి ఆర్డరే వస్తుంది, మళ్లీ గేటు దగ్గర గొడవే. రోజూ సాయంత్రం ఏడింటికి వీడియో కాల్, ఫలానా నంబరుకు. నెలలో రెండు ఆదివారాలు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎక్కడ. ఆ చోటు వాళ్ల ఇల్లు కాకుండా, నీ ఇల్లు కాకుండా ఉంటే మొదట్లో మంచిది. పుట్టినరోజున ఒక గంట. బడి నుంచి ప్రోగ్రెస్ కార్డు నాన్నకు కూడా చూపించాలి. కోర్టుకు చెప్పకుండా బిడ్డను ఇంకో ఊరికి, ఇంకో రాష్ట్రానికి మార్చకూడదు. సెలవుల సంగతి జాగ్రత్తగా రాయించు. మన దగ్గర ఎండాకాలం సెలవులు జూన్ 11 దాకా ఉంటాయి, కర్ణాటకలో బడులు మే ఆఖరుకో జూన్ మొదట్లోనో తెరుస్తారు. జూన్ మొదటి వారం బిడ్డను నా దగ్గర ఉంచుకుంటానని నువ్వు రాయించుకుంటే ఆ వారం బిడ్డకు బడి ఉంటుంది. 'బిడ్డ చదివే బడి సెలవుల్లో సగం' అని రాయించు. దసరాకు బతుకమ్మ ఆడటానికో, దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకో బిడ్డను తీసుకుపోవాలని ఉంటే అది కూడా పేరు పెట్టి అడుగు. జడ్జికి అది చిన్న కోరిక, బిడ్డకు మాత్రం ఏడాదంతా చెప్పుకునే ముచ్చట.

ఆర్డరు వచ్చాక కూడా చూపించకపోతే అక్కడ అరవకు. వచ్చాను, ఇంత సేపు నిలబడ్డాను అని ఆమెకు ఒక మెసేజ్ పెట్టి వెనక్కి రా. తేదీ రాసి పెట్టుకో. అవన్నీ పట్టుకొని అదే కోర్టుకు పో. బిడ్డల గురించిన ఆర్డరు ఎప్పుడూ ఆఖరి ఆర్డరు కాదు, పరిస్థితి మారితే మారుతుంది. నువ్వు నెలనెలా డబ్బు కడుతూ, చెప్పిన టైముకు వస్తూ, మర్యాదగా తిరిగి పోతుంటే ఏడాది తిరిగేసరికి ఆ మార్పు నీ వైపే ఉంటుంది.

ఒక హెచ్చరిక. కొన్నిచోట్ల పంచాయితీలో పెద్దమనుషులు ఒక ఒప్పందం చేస్తారు: నువ్వు బిడ్డను మరిచిపో, మేము డబ్బు అడగం. స్టాంపు కాగితం మీద సంతకాలు తీసుకుంటారు. నీ దగ్గరికి కూడా ఆ మాట రావచ్చు, 12 వేలు తప్పుతాయని నీకు ఒక నిమిషం ఆశ కూడా కలగవచ్చు. దాని మీద సంతకం పెట్టకు. బిడ్డ తిండిని అమ్మానాన్నలు బేరం పెట్టలేరు. ఆ కాగితం ఉన్నా బిడ్డ కోసం రేపు మళ్లీ కేసు వేయవచ్చు, కానీ మధ్యలో పోయిన ఏళ్లు నీకు ఎవరూ ఇవ్వరు. రాజీ కావాలంటే కోర్టులో మీడియేషన్ అడుగు. ఖర్చు ఉండదు, అక్కడ కుదిరింది ఆర్డరులోకి ఎక్కుతుంది.

ఇప్పుడు ఒక మాట అడగాలి. కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరంలో కిస్తీ ఉంది, జీతం ఉంది, గేటు ఉంది. ఆమె ఎందుకు పోయిందో ఒక్క ముక్క లేదు. ఆరేళ్ల బిడ్డను ఇక్కడి బడి మాన్పించి ఒక ఆడమనిషి తల్లిగారింటికి పోయిందంటే ఏదో జరిగింది. తాగడమా, చేయి చేసుకోవడమా, మీ ఇంట్లో మాటలా, డబ్బా, లేక నువ్వు రోడ్ల మీద ఉంటే ఆమె ఒంటరితనమా, నాకు తెలియదు. కానీ కోర్టులో వాళ్లు ముందు చెప్పేది అదే. నీ వకీలుకు నువ్వే ముందు చెప్పు. నీ తప్పు ఉంటే ఒప్పుకో, మానుకున్నావని చూపించు. మొదట కొన్నిసార్లు కోర్టు మనిషి ఎదురుగానే బిడ్డను కలుస్తానని నువ్వే అడిగితే అది నీకు చిన్నతనం కాదు. ఆ గేటు ఎందుకు తీయలేదో కూడా అక్కడే తెలుస్తుంది.

మొదటిసారి బిడ్డను కలిసే రోజు గురించి చెప్పి ఆపుతాను, ఎందుకంటే ఆర్డరు తెచ్చుకున్న తండ్రులు చాలామంది ఆ రోజే ఓడిపోతారు. ఇన్ని నెలల తర్వాత బిడ్డ పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకుంటుందని నువ్వు అనుకుంటావు. రాకపోవచ్చు. అమ్మ వెనక దాక్కోవచ్చు. నాకు తెలిసిన ఒక తండ్రికి అట్లనే అయింది. ఆరేళ్ల పిల్ల కోర్టు గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆయన పెద్ద బొమ్మ ఏమీ తేలేదు, సంచిలో నాలుగు బాలానగర్ సీతాఫలాలు తెచ్చాడు. బిడ్డను పిలవలేదు. ఒక పండు విప్పి తింటూ గింజలు కాగితం మీద పేర్చుకుంటూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు పిల్ల ఇటు తిరిగి, ఎన్ని గింజలు అని అడిగింది. ఆ గంటలో వాళ్లు గింజలు లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. తర్వాతి ఆదివారం ఆ పిల్లే ముందు వచ్చి కూర్చుంది.

నువ్వూ బిడ్డను ఏమీ అడగకు. అమ్మ నా గురించి ఏమంటది, నా దగ్గరికి వస్తావా, ఎవరంటే ఎక్కువ ఇష్టం, ఈ మూడు ప్రశ్నలు నోట్లోకి రానీయకు. రేపు జడ్జి బిడ్డను గదిలోకి పిలిచి మాట్లాడవచ్చు. అప్పుడు ఆ పిల్ల ఎవరో నేర్పిన మాట కాకుండా తనకు తోచింది చెప్పాలి.

గౌను బీరువాలో అట్లనే ఉందని రాశావు. ఏడేళ్ల పిల్లలు మూడు నెలల్లో పొడుగవుతారు, అది ఇప్పటికే పొట్టి అయి ఉంటుంది. కొత్తది కొనడానికి తొందరపడకు. ఈ వారం డబ్బు పంపు, రాయచూరు వకీలును కలువు, కాల్ కోసం దరఖాస్తు వెయ్యి. మొదటి కాల్ వచ్చిన రోజు గోడకు ఆనుకొని నిలబడమని అడుగు, నెత్తి మీద పెన్సిలు గీత గీయించు, ఎంత వచ్చిందో బిడ్డనే స్కేలుతో కొలిచి చెప్పమను. గౌను ఆ కొలతకు కొను.